కేసు షీటులో ఎక్కని మాటలు

క్యాన్సర్ ఆసుపత్రిలో చివరి దశ రోగి ఫైలు ఒకటి తెరిచి చూడండి. మార్ఫిన్ ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారో, ఏ వేళకు ఇచ్చారో అందులో ఉంటుంది. జ్వరం, నాడి, రక్తపోటు వరుసగా రాసి ఉంటాయి. సోషల్ వర్కర్ రాయాల్సిన చోట మాత్రం తరచూ ఒక్క ముక్కే కనిపిస్తుంది: 'కుటుంబానికి కౌన్సెలింగ్ ఇచ్చాం.' దాని వెనక రెండు గంటల సంభాషణ ఉండవచ్చు. 'మా నాన్నకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేడు' అని వరండాలో చేతులు పట్టుకున్న కొడుకు ఉండవచ్చు. 'వాడికి చెప్పకమ్మా, బెంగపడతాడు' అని అంతకు ముందే మంచం మీద నుంచి బతిమాలిన తండ్రీ ఉండవచ్చు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాస్తున్నారు. వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి ఆ సోషల్ వర్కర్ ఏ మాటతో మొదలుపెట్టిందో ఏ కాగితం మీదా లేదు. ఆమె రిటైరై ఇంటికి వెళ్లిన రోజున ఆ నేర్పు కూడా ఆమె వెంటే వెళ్లిపోతుంది.

పాలియేటివ్ కేర్‌లో, అంటే నయం కాని జబ్బులో బాధ తగ్గించే సేవలో, పనిచేసిన సోషల్ వర్కర్ల అనుభవాలను వాళ్ల నోటి నుంచే విని రికార్డు చేయాలనే ఆలోచన ఈ లోటు నుంచి పుట్టింది. అది తీరని లోటు కాకముందే మేలుకోవాలని అనడానికి కారణాలు వెతకాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అనే మనిషి మొదట వచ్చింది ఓదార్చడానికి కాదు, లెక్క చూడటానికి. 1895లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి మేరీ స్టువర్ట్ అనే ఆమెను 'ఆల్మనర్'గా నియమించింది. పూర్వం దానధర్మాలు పంచే అధికారికి ఉన్న పేరది. డబ్బు కట్టగలిగినవాళ్లు ఉచిత వైద్యం వాడుకుంటున్నారా, నిజంగా లేనివాళ్లు ఎవరు అని తేల్చడం ఆమె పని. మన ఆరోగ్యశ్రీ కౌంటరు దగ్గర కార్డు చూసి కాగితాలు సరిచేసే ఆరోగ్యమిత్ర గుర్తొస్తే తప్పు లేదు. అయితే ఎదుటి మనిషి సంపాదన ఎంతని అడిగితే ఇంట్లో ఎంతమంది, ఎవరికి పని పోయింది, అద్దె ఎన్ని నెలలు బాకీ అనే సంగతులన్నీ బయటికి వస్తాయి. అలా లెక్క చూడటానికి వచ్చినవాళ్లు బతుకులు వినేవాళ్లయ్యారు.

అలాంటి ఆల్మనర్లలో ఒకరు సిసిలీ సాండర్స్. చివరి దశ రోగులను చూసుకునే ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి ఆద్యురాలిగా, గొప్ప వైద్యురాలిగా ఆమెను ప్రపంచం ఎరుగును. ఆమె మొదట నర్సు, నడుము నొప్పి వల్ల ఆ పని మానుకుని ఆల్మనర్ అయ్యారు, వైద్యవిద్య ఆ తర్వాతిది. 1947లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో డేవిడ్ టాస్మా అనే రోగి ఆమెకు తారసపడ్డాడు. పోలండ్ నుంచి వచ్చిన యూదుడు, వయసు నలభై, హోటల్లో సర్వర్‌గా పనిచేసేవాడు. నయం కాని క్యాన్సర్. నా అనేవాళ్లు ఎవరూ లేరు. వార్డు నుంచి పంపించాక ఒంటరిగా ఉంటాడు, ఏదో ఒక రోజు కూలిపోతాడు అని ఆమెకు తెలుసు, అందుకే వదలకుండా వెంట ఉన్నారు. అచ్చంగా సోషల్ వర్కర్ చేసే పని అది. అనుకున్నట్టే అతను మరో ఆసుపత్రిలో చేరాడు. సుమారు రెండు నెలల పాటు ఆమె వెళ్లి పక్కన కూర్చునేవారు. ఇలాంటివాళ్లు ప్రశాంతంగా పోవడానికి ఒక చోటు ఎలా ఉండాలో ఇద్దరూ మాట్లాడుకునేవారు. 1948 ఫిబ్రవరిలో పోతూ అతను ఆమెకు 500 పౌండ్లు వదిలి వెళ్లాడు, మీరు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీనవుతానన్నాడు. ఆ కిటికీ చుట్టూ ఇల్లు కట్టడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. 1967లో దక్షిణ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరుచుకుంది.

ఇక్కడ ఒక సంగతి దగ్గర ఆగాలి. చనిపోయేవాళ్ల కోసం పనిచేయాలని ఉందని సాండర్స్ తాను పనిచేస్తున్న సర్జన్ నార్మన్ బారెట్‌తో అన్నప్పుడు, వెళ్లి డాక్టరీ చదవమన్నాడాయన. చావుకు దగ్గరైనవాళ్లను వదిలేసేది డాక్టర్లేనని కూడా అన్నాడు. ఆమె 1957లో డాక్టరై వచ్చారు. సలహా మంచిదే. కానీ సోషల్ వర్కర్‌గా ఆమె మాట ఎవరూ వినరన్న నిజం కూడా అందులో ఉంది. ఆ తర్వాత చరిత్ర డాక్టర్ సాండర్స్‌తో మొదలవుతుంది, ఆల్మనర్ సాండర్స్ ఉపోద్ఘాతంలో మిగిలిపోతుంది.

నిజానికి ఆమె ఇచ్చిన గొప్ప భావన 'సంపూర్ణ వేదన'లో ఆ ఆల్మనరే మాట్లాడుతుంది. 1960 దశకం మొదట్లో నొప్పి ఎక్కడని ఒక రోగిని ఆమె అడిగారు. నొప్పి వీపులో మొదలైందని, ఇప్పుడు తన ఒళ్లంతా, తానంతా చెడిపోయినట్టుందని ఆ రోగి చెప్పుకొచ్చింది. అక్కడితో ఆగలేదు: భర్త, కొడుకు ఎంతో బాగా చూసుకున్నారని, కానీ తన కోసం పని మానుకుని జీతం పోగొట్టుకోవాల్సి వచ్చేదని కూడా చెప్పింది. దేహం, మనసు, కుటుంబం, విశ్వాసం నాలుగూ కలిసిందే నొప్పి అన్న సిద్ధాంతానికి ఆధారం ఒక మనిషి నోటిమాట. పోయిన కూలీ డబ్బును నొప్పి ఖాతాలో వేయడం ఆల్మనర్ చూపు.

అమెరికాలోనూ ఇదే వరస. న్యూయార్క్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన జెల్డా ఫాస్టర్ అనే సోషల్ వర్కర్ 1965లోనే ఒక వ్యాసం రాశారు. ప్రాణాంతక వ్యాధి సంగతి రోగికి తెలియకుండా ఆసుపత్రి మొత్తం ఆడే దాగుడుమూతలను అందులో ప్రశ్నించారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ పుస్తకం వచ్చి మరణం గురించి దేశమంతా మాట్లాడుకోవడానికి అప్పటికి ఇంకా నాలుగేళ్లుంది. 1982లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ హాస్పిస్ సేవలకు డబ్బు చెల్లించే చట్టం వచ్చినప్పుడు సామాజిక సేవలను తప్పనిసరి విభాగాల్లో చేర్చారు. ఉద్యోగం ఖాయమైంది. కానీ ఆ కుర్చీ తెచ్చుకోవడానికి వార్డుల్లో ఎవరెవరు ఎన్ని మాటలు పడ్డారో చట్టం పాఠంలో ఉండదు కదా. ఫాస్టర్ 2006లో కన్నుమూశారు. ఆమె తరం దాదాపు వెళ్లిపోయింది, తర్వాతి తరం రిటైరవుతోంది.

బ్రిటన్ కొంత ముందుగా మేలుకుంది. 1990 దశకం మధ్యలో షెఫీల్డ్‌లో మొదలైన హాస్పిస్ చరిత్ర ప్రాజెక్టు డాక్టర్లతో పాటు నర్సులు, సోషల్ వర్కర్లు, మతగురువుల మాటలనూ టేపుల మీదికి ఎక్కించింది. సాండర్స్ ఉత్తరాలు, కాగితాలు లండన్ కింగ్స్ కాలేజీలో భద్రంగా ఉన్నాయి. రెండూ ఉండటం ముఖ్యం. పదేపదే చెప్పిన కథ నునుపుదేలుతుంది. టాస్మా కథనే సాండర్స్ దశాబ్దాల పాటు ఎన్ని వేదికల మీద చెప్పారో! తేదీల కోసం కాగితాన్ని నమ్మాలి. అప్పుడు ఏమనిపించింది, ఎందుకు అలా చేశారు అన్నదానికి మనిషినే అడగాలి.

అడగడంలో చిక్కు కూడా ఇక్కడే ఉంది. మాట్లాడే సోషల్ వర్కర్ అనుమతి పత్రం మీద సంతకం పెట్టగలదు. ఆమె కథలో ఉన్న రోగి పెట్టలేడు, అతను పోయి ఇరవై ఏళ్లయింది. పేర్లు, ఊర్లు మార్చాలి. కొన్ని భాగాలను కొన్నేళ్ల దాకా మూసి ఉంచాలి. చిన్న ఊరైతే పేరు మార్చినా గుర్తుపడతారు, కాబట్టి కొన్ని కథలు వదులుకోవాలి కూడా. ఈ పని చేసేవాళ్లు ఇది ముందే తెలుసుకుని దిగాలి.

మౌఖిక చరిత్ర తెలుగువాళ్లకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీ శక్తి సంఘటన 1980 దశకంలో రికార్డు చేసి పుస్తకంగా తెచ్చింది. నాయకుల చరిత్రల్లో లేని వంట, కాపలా, రహస్య జీవితం, బిడ్డల్ని వదులుకున్న దుఃఖం అందులోకి వచ్చాయి. సోషల్ వర్కర్‌ది కూడా అలాంటి పనే. 'నేనేం చేశాను, ఊరికే మాట్లాడాను' అనే మనిషి దగ్గరే అసలు సరుకు ఉంటుంది.

మన దేశంలో ఈ సరుకు ఇంకా చేతికందే దూరంలోనే ఉంది. 1986లో ముంబైలో శాంతి అవేదన సదన్ అనే హాస్పిస్, 1993లో కోజికోడ్‌లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలయ్యాయి. కేరళలో ఆ తర్వాత పనిని పంచుకున్నది ఊళ్లో వాలంటీర్లే: ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లల చదువు సాగుతోందా అని చూసింది వాళ్లు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకని రోజుల్లో, 2014లో సవరణ వచ్చేదాకా, నొప్పితో అరిచే మనిషి ఇంటివాళ్లకు ఏం చెప్పి నిలబడ్డారో వాళ్లనే అడగాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 2000 దశకం మధ్యలో పాలియేటివ్ కేర్ విభాగం పెట్టింది. స్పర్శ్ హాస్పిస్ 2011లో వచ్చింది. ఇక్కడ మొదటి తరం అంటే ఇరవై ఏళ్ల కిందటి మాట. చాలామంది ఫోను చేస్తే పలుకుతారు.

ఒక్క జాగ్రత్త. ఎంఎన్‌జేకు వచ్చే రోగి తెలుగులో మాట్లాడతాడు, దక్కనీ ఉర్దూలో మాట్లాడతాడు, సరిహద్దు జిల్లాల నుంచి వస్తే మరాఠీ, కన్నడ కూడా కలుస్తాయి. ఫైల్లో ఆ ముక్క ఇంగ్లీషులో పడుతుంది. రికార్డరు ముందు కూర్చున్నప్పుడు కూడా సోషల్ వర్కర్ ఇంగ్లీషులోకి జారితే, మళ్లీ ఆ ఒక్క ముక్కే వస్తుంది. ఆ రోజు ఆ తండ్రితో ఏమన్నారు, ఏ భాషలో అన్నారు, సరిగ్గా ఏ మాట వాడారు అని ఆపి అడగాలి. క్యాన్సర్ అన్నారా, పెద్ద జబ్బు అన్నారా, గడ్డ అని ఊరుకున్నారా?