విప్లవం: చౌరస్తాలో ఒక్కరోజు, ఇళ్ళల్లో ఏళ్ళకేళ్ళు

1789 అక్టోబర్ 5 పొద్దున పారిస్ బజారు ఆడవాళ్ళకి రొట్టె దొరకలేదు. చేపలు అమ్ముకునేవాళ్ళు, కూలిపనులు చేసుకునేవాళ్ళు గుంపుగా కూడి గంటలు మోగించారు. నగర సభాభవనంలోకి చొరబడి చేతికందిన ఆయుధాలు తీసుకున్నారు. అక్కణ్ణించి వానలో, బురదలో దాదాపు 20 కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ రాజభవనానికి చేరారు. అందులో కొందరిని రాజు లోపలికి పిలిచి, ధాన్యం పంపిస్తానని మాటిచ్చాడు. ఆ మాట చాలలేదు. మర్నాడు రాజునీ, రాణినీ, పిల్లాణ్ణీ వెంటబెట్టుకునే పారిస్‌కి తిరిగొచ్చారు. ఊరేగింపులో పిండి బస్తాల బళ్ళు కూడా ఉన్నాయి. రొట్టెలవాణ్ణి, రొట్టెలవాడి పెళ్ళాన్ని, రొట్టెలవాడి కొడుకుని తీసుకొస్తున్నామని దారిపొడుగునా కేకలు వేశారు.

ఆ కేకల వెనక ఒక లెక్క ఉంది. మామూలు రోజుల్లోనే కూలివాడి సంపాదనలో సగం దాకా రొట్టెకే పోయేది. 1788లో పంట పోయింది. 1789 మొదట్లో నాలుగు పౌండ్ల రొట్టె ధర ఎనిమిది తొమ్మిది సూల (సూ అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) నుంచి పద్నాలుగున్నర సూలకి ఎక్కింది. కూలి మాత్రం అక్కడే ఉంది. మిగతా ఖర్చులన్నీ ఆపుకున్నా ఇల్లు గడవని పరిస్థితి.

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది, చాలా పుస్తకాలు ఆపుతాయి కూడా. కానీ అవే పేటల్ని 1795 వసంతంలో చూడాలి. రాజు లేడు, రిపబ్లిక్ వచ్చింది, గిలెటిన్ కింద తలలు తెగడం కూడా తగ్గింది. ధరల మీద 1793లో పెట్టిన అదుపు తీసేశారు. కాగితపు డబ్బు విలువ కరిగిపోయింది. దానికి తోడు ఘోరమైన చలికాలం. కొన్ని పేటల్లో కొన్ని రోజులు మనిషికి రోజుకి రెండు ఔన్సుల రొట్టె మాత్రమే ఇచ్చారు. మే 20న జనం, మళ్ళీ ఆడవాళ్ళే ముందుండి, ప్రతినిధుల సభలోకి దూసుకెళ్ళారు. "రొట్టె, 1793 రాజ్యాంగం" అన్నది వాళ్ళ నినాదం. సైన్యం ఆ తిరుగుబాటును అణిచేసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, వీధిలో ఐదుగురికి మించి ఆడవాళ్ళు గుమిగూడితే అరెస్టు చేస్తామని సభ ఉత్తర్వు ఇచ్చింది. సభ చర్చలు వినడానికి కూడా వాళ్ళని రానివ్వలేదు. రాజుని నడిపించుకుంటూ తెచ్చినవాళ్ళని వీధిలో నిలబడొద్దని చెప్పడానికి ఆరేళ్ళు కూడా పట్టలేదు.

విప్లవాల గురించి మనం చదివేదంతా తేదీలు, ప్రసంగాలు, నాయకుల పేర్లు. జనం మాత్రం వేరే లెక్కల్లో గుర్తుపెట్టుకుంటారు: క్యూ ఎంత పొడుగుంది, కూలి ఎంతొచ్చింది, రాత్రి తలుపు కొట్టిందెవరు, మనల్ని ఏమని పిలుస్తున్నారు. ఇవి చిన్న విషయాలని పక్కన పెట్టేస్తే విప్లవాలు ఎందుకొస్తాయో అర్థం కాదు, వచ్చాక ఎందుకు చల్లారతాయో కూడా అర్థం కాదు. సామాన్యులకి ఆకలే తప్ప రాజకీయం తెలియదనేవాళ్ళున్నారు. అది అన్యాయమైన మాట. 1795లో రోజుకి రెండు ఔన్సుల రొట్టె తిన్న మనుషులు రొట్టెతో పాటు రాజ్యాంగాన్ని కూడా అడిగారు.

రష్యా విప్లవం కూడా క్యూలోనే మొదలైంది. 1917లో పాత క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరి 23, అంటే మార్చి 8, మహిళా దినం. మొదటి ప్రపంచ యుద్ధం మూడో ఏట నడుస్తోంది, అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో రొట్టెల కోసం చలిలో గంటలకొద్దీ నిలబడాలి. ఆ రోజు వైబోర్గ్ పేట బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు మిషన్లు ఆపి బయటికొచ్చారు. పక్క ఫ్యాక్టరీల కిటికీల కింద నిలబడి మగవాళ్ళనీ రమ్మన్నారు. ఆ రోజు సమ్మె వద్దనే పార్టీల స్థానిక నాయకులు అనుకున్నారు. వాళ్ళ మాట ఎవరూ వినలేదు. వారం తిరిగేసరికి జార్ చక్రవర్తి గద్దె దిగాడు.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది, దాని గురించి చాలా తక్కువగా మాట్లాడుకుంటాం. పెట్రోగ్రాడ్ సోవియట్, అంటే కార్మికుల, సైనికుల ప్రతినిధుల సభ, సైనికుల కోసం ఇచ్చిన మొదటి ఉత్తర్వులో, అధికారులు సిపాయిల్ని "నువ్వు" అనకూడదని రాశారు. రష్యన్‌లో కూడా నువ్వు, మీరు అనే తేడా ఉంది. అప్పటిదాకా అధికారి సిపాయిని నువ్వనేవాడు, సిపాయి మాత్రం అధికారిని "మహాప్రభూ" లాంటి బిరుదులతో పిలవాలి. ఆ బిరుదులూ పోయాయి. అదే ఏడాది హోటళ్ళలో వెయిటర్లు టిప్పులు వద్దన్నారు. వడ్డించి బతుకుతున్నంత మాత్రాన చిల్లర విసిరి అవమానించక్కర్లేదని వాళ్ళ బాధ. ఫ్రాన్స్‌లో 1793లో ఇదే గౌరవం తిరగేసి వచ్చింది. అయ్యగారు, అమ్మగారు అనే పిలుపులు పోయి అందరూ పౌరులయ్యారు, అందరూ అందర్నీ "నువ్వు" అనాలన్నారు. ఒకచోట నువ్వు పోవడం, ఇంకోచోట మీరు పోవడం, రెండూ ఒకే కోరికలోంచి పుట్టాయి. కడుపు నిండని రోజుల్లో కూడా జనం ఆ కాలాన్ని ప్రేమగా తలుచుకోవడానికి ఇదొక పెద్ద కారణమని నాకనిపిస్తుంది. ఎవరైనా మొదటిసారి మనల్ని మనిషిలా పిలిస్తే ఆ రోజు మర్చిపోలేం.

తర్వాత ప్రభుత్వాలు రోజుల్ని కూడా మార్చేశాయి. ఫ్రాన్స్‌లో వారాన్ని పది రోజులు చేశారు. ఏడు రోజులకి ఒకసారి వచ్చే సెలవు పదికి ఒకసారి అయింది. 1802లో ఆదివారం సెలవు తిరిగొచ్చింది, ఆ క్యాలెండర్ మాత్రం 1806 జనవరి 1 దాకా అధికారికంగా నడిచింది. రష్యాలో పాత క్యాలెండర్ మార్చడంతో 1918 జనవరి 31న పడుకున్నవాళ్ళు ఫిబ్రవరి 14న లేచారు. 1929లో అయితే ఐదు రోజుల వారం పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో రోజు సెలవు ఇచ్చారు. మిషన్లు ఆగకుండా తిరగాలన్నది ఉద్దేశం. మొగుడికి సెలవు ఉన్న రోజు పెళ్ళానికి డ్యూటీ. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే రోజు లేకుండా పోయింది. జనం గోల పెట్టారు. ఏడు రోజుల వారం మళ్ళీ రావడానికి 1940 దాకా ఆగాల్సొచ్చింది.

రష్యా నగరాల్లో ఇల్లు కూడా అలాగే మారింది. ఒకప్పుడు ఒకే సంపన్న కుటుంబం ఉన్న పెద్ద ఫ్లాటులో ఇప్పుడు గదికో కుటుంబం. ఇరుకు కొట్టాల్లో, బేస్‌మెంట్లలో ఉన్న కార్మికులకి అది నిజంగానే మేలు. కానీ అందరికీ కలిపి ఒకటే వంటగది. వీధి తలుపు పక్కన ఒక చీటీ అంటించి ఉండేది: ఫలానా వాళ్ళ కోసమైతే బెల్ ఒకసారి, ఫలానా వాళ్ళకి రెండుసార్లు, ఆ చివరి గది వాళ్ళకి నాలుగుసార్లు. లైటు ఖర్చు దగ్గర తగాదాలు రాకుండా చాలాచోట్ల కుటుంబానికో బల్బు, కుటుంబానికో స్విచ్ పెట్టుకున్నారు. గోడ పక్కనే చెవులుంటాయి, ఏం మాట్లాడాలన్నా గొంతు తగ్గించాలి. ఆ పద్ధతి విప్లవ నాయకులందరూ పోయాక కూడా దశాబ్దాల పాటు సాగింది.

ఇంత ఇబ్బంది పడటానికైనా ముందు ఊళ్ళో మిగలాలి. 1917లో 23 లక్షల దాకా ఉన్న పెట్రోగ్రాడ్ జనాభా 1920కి 7 లక్షల చిల్లరకి పడిపోయింది. కొందరు యుద్ధానికి, కొందరు జబ్బులకి పోయారు. ఇంకా చాలామంది తిండి ఉన్న పల్లెలకి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు చెక్క ఇళ్ళు పడగొట్టి పొయ్యిలో పెట్టారు.

పల్లెల్లో విప్లవం అంటే భూమి. 1917 అక్టోబర్ ఉత్తర్వుతో దొరల భూములు రైతులు పంచుకున్నారు, అప్పటికే చాలాచోట్ల పంచేసుకున్నారు కూడా. కానీ ఏడాది తిరక్కుండానే నగరాలకీ సైన్యానికీ తిండి కావాలంటూ తుపాకులతో దళాలు వచ్చి గాదెలు ఊడ్చుకుపోయాయి. విత్తనాలు కూడా మిగల్చని ఊళ్ళున్నాయి. దాని మీద కరువు పడింది. 1921, 22లలో వోల్గా ప్రాంతంలో, చుట్టుపక్కల దాదాపు 50 లక్షల మంది పోయారని అంచనా.

భూమి విషయంలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది హైతీ. అప్పట్లో ఫ్రాన్స్ వలసగా ఉన్న ఆ కరీబియన్ దేశంలో 1791లో తిరగబడిన బానిసలు సంకెళ్ళు తెంచుకుని 1804లో సొంత దేశం తెచ్చుకున్నారు. వాళ్ళు కోరుకున్నది సొంతంగా దున్నుకోడానికి కాస్త నేల, చెరకు తోట మొహం మళ్ళీ చూడకుండా బతకడం. కానీ వాళ్ళని నడిపించిన తూసాఁ లూవెర్త్యూరే, ఎగుమతులు లేకపోతే ఆయుధాలు కొనలేమన్న భయంతో, 1800లో ఉత్తర్వు తీసి వాళ్ళని సైనిక క్రమశిక్షణ కింద అవే తోటలకి తిరిగి పంపాడు. తర్వాత 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, తమ తోటల యజమానులకి నష్టపరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. దాన్ని తర్వాత 9 కోట్లకి తగ్గించారు. ఆ డబ్బు వచ్చింది ఎక్కువగా కాఫీ మీద పన్నుల నుంచి, అంటే కాఫీ పండించే చిన్న రైతు చెమట నుంచి. దాని కోసం చేసిన అప్పుల తాలూకు బాకీ తీరేసరికి 1947 వచ్చింది. తిరగబడినవాళ్ళ మునిమనవలు కూడా తాతల స్వేచ్ఛకి వాయిదాలు కట్టారు.

విప్లవం ఇచ్చిన హక్కుని విప్లవమే వెనక్కి తీసుకోవడం ఆడవాళ్ళ విషయంలో పదేపదే జరిగింది. ఫ్రాన్స్‌లో 1792లో వచ్చిన విడాకుల చట్టాన్ని వాడుకున్నవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 1804లో దాన్ని బిగించారు, 1816లో ఎత్తేశారు, మళ్ళీ 1884 దాకా లేదు. ఇరాన్‌లో రాజైన షాకి వ్యతిరేకంగా లక్షల మంది ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. 1979 ఫిబ్రవరి 11న పాత ప్రభుత్వం కూలింది. నెల కూడా కాకముందే, మార్చి 8న, హిజాబ్ తప్పనిసరి చేస్తారన్న వార్తతో టెహ్రాన్ ఆడవాళ్ళు మళ్ళీ వీధికెక్కాల్సొచ్చింది. అప్పటికి వెనక్కి తగ్గినట్టు కనిపించిన ప్రభుత్వం మొదట ఆఫీసుల్లో, 1983కి చట్టంగా అందరికీ దాన్ని అమలుచేసింది.

రక్తం చిందని మార్పుకి కూడా ఇళ్ళల్లో ఖరీదు ఉంటుంది. 1989లో తూర్పు జర్మనీలో బెర్లిన్ గోడ పడిన రాత్రి అందరం టీవీల్లో చూశాం. తర్వాత ఏడాది జులై 1న పశ్చిమ జర్మనీ మార్కు వచ్చింది, ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నలభై ఏళ్ళు ఒకే ఉద్యోగం అనుకున్నవాళ్ళకి రేపేంటో తెలియని టెన్షన్ పట్టుకుంది. 1989లో అక్కడ దాదాపు 2 లక్షల మంది పిల్లలు పుట్టారు. 1994లో పుట్టింది 80 వేల లోపే. రష్యాలో 1990లో 64 ఏళ్ళకి దగ్గరగా ఉన్న మగవాళ్ళ సగటు ఆయుర్దాయం 1994కి 58 కన్నా కిందికి దిగింది. పెద్ద యుద్ధమేదీ లేకుండానే చాలామంది ముందుగా పోయారు.

2011లో అరబ్ దేశాల్లో మళ్ళీ పాత మాటలే వినిపించాయి. ఈజిప్టు నినాదంలో మొదటి మాట "ఎయిష్". అక్కడి వాడుకలో రొట్టె అని అర్థం. ఆ మాట పుట్టింది మాత్రం బతుకు అనే అర్థంలోంచి. ట్యునీషియాలో నినాదం పని, స్వేచ్ఛ, గౌరవం. దానికి నిప్పు పెట్టింది సిదీ బూజిద్‌లో తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే మొహమ్మద్ బువాజీజీ 2010 డిసెంబర్‌లో ఒంటికి నిప్పంటించుకోవడం. జనవరి 28న కైరో వీధుల్లోంచి పోలీసులు మాయమయ్యాక, నిరసనలు జరుగుతున్న తహ్రీర్ చౌరస్తాకి వెళ్ళని మగవాళ్ళు కూడా కర్రలు, వంటింటి కత్తులు పట్టుకుని రాత్రంతా సొంత వీధికి కాపలా కాశారు. ఏళ్ళ తరబడి పలకరించుకోని పక్కింటివాళ్ళు ఆ కాపలాలోనే పరిచయమయ్యారు. ఈజిప్టులో రెండున్నరేళ్ళకే సైన్యం తిరిగొచ్చింది. ట్యునీషియాలో పాత ప్రభుత్వాల అన్యాయాలు వినడానికి 2014లో వేసిన కమిషన్‌కి 62 వేలకి పైగా ఫిర్యాదులు వచ్చాయి. 2021లో అక్కడ అధ్యక్షుడే పార్లమెంటుని ఆపేశాడు.

అలాంటి కమిషన్ల పనిలో అన్నిటికన్నా బరువైనది పాత ఫైళ్ళు తెరవడం. తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖ స్టాసీకి చివరి రోజుల్లో లక్షా 80 వేలకి పైగా చాటుమాటు ఇన్‌ఫార్మర్లు ఉండేవారు. వాళ్ళలో తోటి ఉద్యోగులు, స్నేహితులు, ఒక్కోసారి సొంత ఇంటివాళ్ళు కూడా ఉన్నారు. వరుసగా పేర్చితే ఆ ఫైళ్ళు 111 కిలోమీటర్లు వస్తాయి. 1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వాళ్ళు చదువుకునే హక్కు ఇచ్చారు. టేబుల్ దగ్గర కూర్చుని పేజీలు తిప్పుతూ, మారుపేరు వెనకున్న మనిషి ఎవరో గుర్తుపట్టినవాళ్ళు ఆ తర్వాత ఆ మనిషి గడప తొక్కలేకపోయారు. వద్దులే అని ఫైలు అడగనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళదీ అర్థం చేసుకోదగిన నిర్ణయమే. 1989 చివర్లో సిబ్బంది కంగారుగా చేతులతో చింపి పారేసిన కాగితాలు 15 వేలకి పైగా సంచుల్లో దొరికాయి. వాటిని ముక్కా ముక్కా కలిపి అతికించే పని 1995లో మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా చాలా సంచులు విప్పకుండానే ఉన్నాయి. చదవడానికి దరఖాస్తులు మాత్రం ఆగలేదు, కొన్ని చనిపోయిన అమ్మానాన్నల ఫైలు కోసం పిల్లలు పెట్టుకునేవి.