రైడర్ ఇంటికి వచ్చాక: బైక్ గ్రూపుల్లో అపోహలు - వాస్తవాలు

నేను హనుమకొండలో ఫిజియోథెరపిస్టుని. ఆదివారాలు మా బైక్ గ్రూపుతో రామప్పకో, లక్నవరానికో, పాకాలకో పోతుంటాను. అందుకే కొందరిని రెండు చోట్లా చూశాను. ఒక ఆదివారం ములుగు రోడ్డు మీద అందరికంటే ముందు లీడ్ చేస్తూ పోయినవాడే, మూడు నెలల తర్వాత మా క్లినిక్‌లో మోకాలు వంచలేక పళ్ళు బిగబట్టి కూర్చుంటాడు.

మన దారుల సంగతి నడిపేవాళ్ళకు చెప్పక్కర్లేదు. యాసంగి కోతలు మొదలైతే సగం రోడ్డు వడ్లకే. కుప్ప మీద నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకట్లో అవి దగ్గరికి వచ్చేదాకా కనపడవు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తితో వచ్చే ట్రాక్టర్ ట్రాలీలు కొన్నింటికి వెనక లైటే ఉండదు. పరకాల దాటితే బొగ్గు లారీలు.

యాక్సిడెంట్ జరిగిన రాత్రి మన గ్రూపులు ఎంత బాగా కదులుతాయో నేను కళ్ళారా చూశాను. రక్తం కావాలంటే అరగంటలో పదిమంది వస్తారు. కానీ నలభయ్యో రోజున, మంచం మీద ఉన్న మనిషిని ఎవరు కూర్చోబెడుతున్నారు, ఫిజియోకి ఎవరు తీసుకొస్తున్నారు అని అడిగితే దాదాపు ప్రతిసారీ ఒకటే జవాబు: వాళ్ళ అమ్మ, లేదంటే భార్య. ఒంటరిగా. దీనికి మనసు లేకపోవడం కారణం కాదు. ఏం చేయాలో తెలియకపోవడం, తెలుసనుకున్నది తప్పు కావడం కారణం. నేను ఎక్కువగా విన్నవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: దవాఖానకు తీసుకుపోతే పోలీసు కేసులో మనమే ఇరుక్కుంటాం.

ఇరుక్కోరు. సాయం చేసినవారిని వేధించకూడదని 2016 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చి దానికి చట్టబద్ధత ఇచ్చారు. పేరు, ఫోన్ నంబరు చెప్పాలని కూడా మిమ్మల్ని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా. మెడ కదిలించకండి. శ్వాస బాగా ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, వైజర్ ఎత్తితే చాలు. శ్వాస ఆడకపోతే మాత్రం ఇద్దరు కలిసి, ఒకరు మెడను కదలకుండా పట్టుకుని, మరొకరు మెల్లగా తీయాలి. మంచినీళ్ళు పట్టకండి. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆపరేషన్‌కు మత్తు ఇవ్వడమూ కష్టమవుతుంది.

అపోహ: అవతలివాళ్ళు మంచోళ్ళు, ఖర్చు పెట్టుకుంటామన్నారు, కేసు ఎందుకు?

దీని దగ్గర కాసేపు ఆగాలి. నా దగ్గరికి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా నష్టపోయింది ఇక్కడే.

మొదటి రోజు అందరూ మంచోళ్ళే. మొదటి బిల్లు కట్టి దండం పెట్టి పోతారు. కాలికి రాడ్ వేసి, రెండో ఆపరేషన్ కావాలని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఫోన్ ఎత్తరు. అప్పటికి చేతిలో ఎఫ్ఐఆర్ ఉండదు. దాన్ని మించిన తప్పు ఇంకొకటి ఉంది. కేసు వద్దనుకుని, క్యాజువాలిటీలో 'తనే జారి పడ్డాడు' అని రాయించడం. ఆ ఒక్క మాట ఎంఎల్‌సీలో (పోలీసు కేసు కోసం ఆసుపత్రి రాసే రిపోర్టులో) పడితే తర్వాత ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో వకీలు ఎంత మొత్తుకున్నా దాన్ని తుడిచేయడం చాలా కష్టం.

కేసు పెట్టడమంటే ఆ డ్రైవర్ మీద పగ తీర్చుకోవడం కాదు. పరిహారం కట్టేది మామూలుగా ఆ బండి ఇన్సూరెన్స్ కంపెనీ. జరిగింది జరిగినట్టు రాయిస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ట్రిబ్యునల్లో క్లెయిమ్ వేయాలి. మంచాన ఉన్నవాడికి 6 నెలలు ఇట్టే గడిచిపోతాయి. గుద్దిన బండి దొరకకపోయినా దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచే హిట్ అండ్ రన్ కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తున్నారు. ఆర్డీవో లేదా తహసీల్దార్ స్థాయి అధికారికి దరఖాస్తు పెట్టాలి.

2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం సంగతి చాలామందికి ఇంకా తెలియదు. ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర దాకా చికిత్స. ఇది అందాలన్నా జరిగింది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి. ఆరోగ్యశ్రీ ఉన్న కుటుంబమైతే దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. మొదటి రాత్రే గ్రూపులో ఒకరు ఈ రెండింటి సంగతి ఆసుపత్రి కౌంటర్లో అడగాలి. డిశ్చార్జి రోజు అడిగితే లాభం లేదు.

బండిని వెంటనే మెకానిక్ దగ్గరికి తోలుకుపోకండి. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్, ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా అలాగే ఉంచి ఫొటోలు తీయండి. హెల్మెట్ కెమెరా ఉంటే ఆ కార్డు జాగ్రత్తగా తీసి పెట్టండి.

అపోహ: ఇన్సూరెన్స్‌లో 15 లక్షల కవర్ ఉంది కదా, ఆసుపత్రి ఖర్చు వస్తుంది.

రాదు. బండి పాలసీతో వచ్చే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మరణానికి, శాశ్వత వైకల్యానికి. ఒక చేయో కాలో కన్నో పోతే సగం, రెండు పోతే మొత్తం. ఎముక విరిగి ఆరు నెలలు మంచాన పడితే దాంట్లోంచి ఒక్క రూపాయి రాదు. ఇంకో మెలిక ఉంది. అది బండి ఎవరి పేరున ఉందో ఆ యజమానికి, అదీ లైసెన్స్ ఉండి తనే నడుపుతుంటే. మన దగ్గర సగం బండ్లు బాపు పేరు మీద ఉంటాయి, నడిపేది కొడుకు. ఆ కొడుకుకు ఆ కవర్ వర్తించదు. వేరుగా హెల్త్ పాలసీ, వేరుగా ప్రమాద బీమా ఉండాలి. మా గ్రూపులో ఇప్పుడు లాంగ్ రైడ్‌కు పేరు ఇచ్చేటప్పుడు హెల్త్ పాలసీ నంబరు, బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసిస్తాం.

అపోహ: అందరికీ తెలియాలి కాబట్టి ఫొటో గ్రూపులో పెట్టాలి.

వద్దు. ఒక తమ్ముడి అక్క తన తమ్ముడు నెత్తుటిలో పడి ఉన్న ఫొటోను మొదట చూసింది వాళ్ళ కాలనీ వాట్సాప్ గ్రూపులో. ఇంటికి ఫోన్ చేసే పని ఒక్కరికే అప్పగించండి. ఆ మనిషి ఇంట్లోవాళ్ళకు ముఖం తెలిసినవాడైతే మంచిది.

అపోహ: డబ్బులు వసూలు చేసి ఇచ్చాం, మన బాధ్యత తీరింది.

డబ్బు అవసరమే, కాదనను. కానీ వసూలైనదంతా మొదటి వారమే ఆసుపత్రిలో కట్టేస్తే, తర్వాత నెలల తరబడి సాగే ఫిజియో, మందులు, ఆటో కిరాయి, ఇంటి కిరాయి ఎవరిస్తారు? వచ్చినదాంట్లో మూడో వంతు పక్కన పెట్టి నెలనెలా ఇవ్వమని నేను చెబుతాను. లెక్క రాసేది ఇద్దరు కావాలి. డబ్బు పోవాల్సింది కుటుంబం ఖాతాకో ఆసుపత్రి ఖాతాకో. మధ్యలో ఎవరి సొంత ఫోన్‌పేకీ పోకూడదు. లెక్క విషయంలో ఒక్కసారి అనుమానం వస్తే రెండోసారి ఎవరూ చేయి చాపరు, అప్పుడు నష్టపోయేది ఆ తర్వాత పడినవాడు.

అపోహ: సిమెంట్ కట్టు కంటే పసరు కట్టు నయం. పప్పు తింటే చీము పడుతుంది.

నాటు కట్టు కట్టించుకుని, వేళ్ళు నల్లబడ్డాక వచ్చినవాళ్ళను చూశాను. బద్దలు పెట్టి బిగించి కట్టినప్పుడు లోపల వాపు పెరిగితే కండకు రక్తం అందదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. ఆసుపత్రి కట్టుతోనైనా ఇదే జరగవచ్చు. కట్టు కట్టాక వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేలు కదిలిస్తే భరించలేనంత నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి, ఆ రాత్రే తీసుకుపోండి.

మోచేతికి దెబ్బ తగిలితే నూనె పెట్టి గట్టిగా రుద్దించకండి. ప్రేమ కొద్దీ చాలామంది చేసే పని ఇది. అలా రుద్దితే కండలో ఎముక పెరిగి మోచేయి శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. కాలికి ఆపరేషన్ అయినవాళ్ళకు పిక్క ఒకవైపే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా నేరుగా ఆసుపత్రికి. రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు.

తిండి దగ్గరికి వస్తే, కుట్లు పడ్డ మనిషికి పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి కారం లేని చారన్నం పెడతారు. గాయం మానడానికి కావాల్సిన ప్రొటీన్ ఉన్నది ఆ పప్పులో, గుడ్డులోనే. చీము పట్టేది సూక్ష్మజీవులతో, పప్పుతో కాదు. బొక్కల సూప్ తాగితే తప్పు లేదు, కానీ అదొక్కటే ఎముకను అతికించదు. చూడటానికి వచ్చే దోస్తులు పళ్ళ బుట్టలకు బదులు రెండు డజన్ల గుడ్లు తెండి. సిగరెట్ మాత్రం ఇవ్వకండి. పొగ తాగేవాళ్ళకు ఎముక ఆలస్యంగా అతుకుతుంది, కొందరికి అతకదు కూడా.

అపోహ: చేయి లేవట్లేదు అంతే, ఏడాది ఆగితే అదే మంచిగైతది.

బైక్ మీది నుంచి భుజం మీద పడితే తల ఒకవైపు, భుజం ఇంకోవైపు లాగుకుపోతాయి. మెడ నుంచి చేతికి పోయే నరాల గుత్తి సాగుతుంది, తెగుతుంది, ఒక్కోసారి వెన్నుపాము దగ్గరే ఊడిపోతుంది. ఎముకలన్నీ బాగానే ఉంటాయి, చేయి మాత్రం వేలాడుతుంటుంది. ఈ గాయం ఎక్కువగా కనిపించేది బైక్ నడిపేవాళ్ళలోనే.

లెక్క చూడండి. తెగిన నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మెడ నుంచి వేళ్ళ దాకా 70 సెంటీమీటర్లు అనుకున్నా దాదాపు రెండేళ్ళు పడుతుంది. నరం అందని కండ మాత్రం అంతకాలం ఆగదు, ఏడాది, ఏడాదిన్నరకు పనికి రాకుండా పోతుంది. అందుకే ఆపరేషన్ అవసరమైనవాళ్ళకు అది మొదటి 3 నుంచి 6 నెలల్లో జరగాలంటారు. కొన్ని నరాలు సాగి వాటంతట అవే కోలుకుంటాయి, నిజమే. ఏది ఏదో తేల్చాల్సింది నరాల ఆపరేషన్లు చేసే డాక్టరు.

ఒక పెద్దాయన తన కొడుకును ఆటోలో తీసుకొచ్చాడు. యాక్సిడెంట్ అయి పద్నాలుగు నెలలు. 'అందరూ ఆగుమన్నరు సారూ, ఆగినం' అన్నాడు. ఆ పిల్లాడు మంచి మెకానిక్. ఆ చేతిని పరీక్షిస్తున్నంతసేపూ నా గొంతు పెగలలేదు. ఈ అపోహ గురించి ఎక్కడ మాట్లాడే వీలు దొరికినా మాట్లాడుతున్నాను. దెబ్బ తగిలిన నెల లోపు చేయి లేవకపోతే గ్రూపులో ఒకరు వెంటపడి, తోడుగా వెళ్ళి స్పెషలిస్టుకు చూపించండి.

అపోహ: తల స్కాన్ నార్మల్, ఇంక భయం లేదు.

మొదటి రెండు రోజులు ఒకరు పక్కన పడుకోవాలి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత, మూర్ఛ, చెవిలోంచో ముక్కులోంచో నీరు కారడం కనిపిస్తే స్కాన్ కాగితం చూసి ఆగకండి. ఆ తర్వాత వారాల్లో వచ్చేవి వేరు: చిన్నదానికే కోపం, మతిమరుపు, నిద్ర లేకపోవడం, శబ్దం భరించలేకపోవడం. 'మునుపటి మనిషి కాదన్నా' అని ఇంటి ఆడవాళ్ళు ముందుగా పసిగడతారు. ఆ మాటను కొట్టిపారేయకండి.

అపోహ: ధైర్యం చెబితే చాలు.

'నువ్వు పులివి, తొందరగా లేస్తవు తియ్' అని వందమంది మెసేజ్ పెడతారు. బాత్రూముకు పోవడానికి తల్లి భుజం పట్టుకోవాల్సి వస్తున్న ముప్పై ఏళ్ళ మనిషికి ఆ మాట గుచ్చుకుంటుంది. కలలో మళ్ళీ మళ్ళీ ఆ లారీ రావడం, హారన్ వినపడితే చెమటలు పట్టడం నెల దాటినా తగ్గకపోతే అది పిరికితనం కాదు, వైద్యం ఉన్న జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

మా గ్రూపులో ఇప్పుడు చేస్తున్నది చాలా మామూలు పని. డిశ్చార్జి అయిన రోజే పన్నెండు వారాలకు కాగితం మీద వంతులు రాస్తాం. మంగళవారం ఫిజియోకి తీసుకుపోయేది ఒకరు, శుక్రవారం ఇంకొకరు. ఒకరు స్టేషన్, ఇన్సూరెన్స్, వకీలు పనులు చూస్తారు, వైకల్యం మిగిలితే దాని సర్టిఫికెట్ కూడా. ఆదివారం మధ్యాహ్నం ఒకరు పోయి రెండు గంటలు కూర్చుంటారు, ఆ టైంలో వదిన బయటికి పోయి వస్తుంది. మొదట్లో ఆమె వద్దంటుంది. మొహమాటం. మూడో ఆదివారం మనం వచ్చేసరికి చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంటుంది.

అపోహ: భయం పోవాలంటే వెంటనే బండి ఎక్కించాలి. దీనికి జంటగా ఇంకోటి: ఇక జన్మలో ఎక్కనివ్వొద్దు.

రెండూ అతని తరఫున మనం తీసుకునే నిర్ణయాలే. నేను క్లినిక్‌లో చూసేవి ఇవి: ఎముక అతికిందని డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పాడా, క్లచ్ పూర్తిగా పట్టి వదలగలుగుతున్నాడా, కుడికాలుతో బ్రేకు ఒక్కసారిగా నొక్కగలుగుతున్నాడా, ఆగిన బండి బరువును కాలు మీద ఆపగలుగుతున్నాడా, మెడ రెండు పక్కలా తిరుగుతోందా. తలకు దెబ్బ తగిలి మూర్ఛ వచ్చిన మనిషైతే న్యూరాలజీ డాక్టరు చెప్పేదాకా హ్యాండిల్ ముట్టకూడదు. పడినప్పుడు పెట్టుకున్న హెల్మెట్ మళ్ళీ వాడకూడదు, బయటికి గీత లేకపోయినా లోపలి థర్మకోల్ అణిగి ఉండవచ్చు. కొత్తది గ్రూపు కొనిస్తే బాగుంటుంది.

ఎక్కనంటే ఎక్కనక్కర్లేదు. మా వాళ్ళలో ఒకాయన మళ్ళీ నడపలేదు. రైడ్ ఉన్న రోజు కారులో వెనకాలే వస్తాడు, డిక్కీలో ఫస్ట్ ఎయిడ్ కిట్, స్ట్రెచర్, నీళ్ళ క్యాన్లు. ఆ పని ఆయనే అడిగి తీసుకున్నాడు. వచ్చే ఆదివారం బొగత జలపాతం రైడ్‌కు స్వీప్, అంటే అందరికంటే వెనక వచ్చే బండి, ఆయనదే.