ఇంగ్లిష్ ఫిగర్స్ ఆఫ్ స్పీచ్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "సార్, ఇందులో ఉన్నది ఏ ఫిగర్ ఆఫ్ స్పీచ్ (అలంకారం)?" పేరు చెప్పగానే నోట్సులో రాసేసుకుని తర్వాతి వాక్యానికి వెళ్లిపోతారు. ఆ మాట అక్కడ ఎందుకు వాడారని అడిగేవాళ్లు తక్కువ. క్లాసులో నాకు కనిపించే అపోహలు చాలావరకు ఈ అలవాటు వల్ల వచ్చినవే.

అపోహ: 'లైక్', 'యాజ్' కనిపిస్తే సిమిలీ (ఒకదాన్ని వేరే రకం దానితో పోల్చడం). కనిపించకపోతే మెటఫర్ (ఒకదాన్ని మరొకటిగానే చెప్పడం).

ఈ గుర్తును నమ్ముకుని పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎంతోమంది. 'షి సింగ్స్ లైక్ హర్ మదర్' అంటే అమ్మలాగే పాడుతుందని. ఇద్దరూ మనుషులే, ఇద్దరూ పాడేవాళ్లే, కాబట్టి ఇది మామూలు పోలిక. 'షి సింగ్స్ లైక్ ఎ నైటింగేల్' అంటే అప్పుడు సిమిలీ, ఎందుకంటే మనిషిని పిట్టతో పోల్చారు. ఇక 'యాజ్ హి వాజ్ ఇల్, హి స్టేడ్ ఎట్ హోమ్' అన్నచోట 'యాజ్' కారణం చెబుతోంది. అక్కడ పోలికే లేదు.

తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఉపమాలంకారంలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు నేర్చుకున్నాం కదా, వాటినే ఇంగ్లిష్ వాక్యానికీ పెట్టి చూడండి. రాబర్ట్ బర్న్స్ 1794 నాటి పాట 'ఓ మై లవ్ ఈజ్ లైక్ ఎ రెడ్, రెడ్ రోజ్'నే తీసుకుందాం. ఉపమేయం ప్రేమ, ఉపమానం ఎర్ర గులాబీ, వాచకం 'లైక్'. మరి సమానధర్మం? ఎక్కడా చెప్పలేదు. అందమా, పరిమళమా, ముళ్లా? తర్వాతి పాదంలో ఆ గులాబీ జూన్‌లో కొత్తగా విచ్చుకున్నదని అంటాడు, అంటే మనసు తాజాదనం వైపు వెళ్లాలి. సిమిలీని అర్థం చేసుకోవడమంటే చెప్పకుండా వదిలేసిన ఆ సమానధర్మాన్ని పట్టుకోవడమే. 'లైక్' కింద గీత గీస్తే ఆ పని జరగదు.

అపోహ: ఇవన్నీ కవిత్వానికి సంబంధించినవి. మామూలు ఇంగ్లిష్‌కు అక్కర్లేదు.

జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1980లో దీన్ని గట్టిగా కొట్టిపారేశారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు కాలాన్ని డబ్బులా చూస్తారని వాళ్లు ఎత్తి చూపారు. అందుకే టైమ్‌ను 'స్పెండ్' చేస్తారు, 'సేవ్' చేస్తారు, 'వేస్ట్' చేస్తారు. వాదనను యుద్ధంలా చూస్తారు కాబట్టి ఎదుటివాడి పాయింట్‌ను 'అటాక్' చేస్తారు, తమ పాయింట్‌ను 'డిఫెండ్' చేస్తారు. ఇలా మాట్లాడేవాళ్లెవరూ అలంకారం వాడుతున్నామని అనుకోరు. కంప్యూటర్ మౌస్, వైరస్, క్లౌడ్ కూడా మెటఫర్లుగా పుట్టినవే. వాడివాడి ఇప్పుడు ఉత్త పేర్లుగా మిగిలాయి.

అపోహ: ఇడియమ్ (జాతీయం), ఫిగర్ ఆఫ్ స్పీచ్ రెండూ ఒకటే.

కొంత కలుస్తాయి, అంతే. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడమని ఎవరో చెప్పాలి. బకెట్ గురించి ఎంత ఆలోచించినా ఆ అర్థం తట్టదు. 'హర్ వాయిస్ వాజ్ వెల్వెట్' అన్న మెటఫర్‌ను మొదటిసారి విన్నా ఆ గొంతు ఎలా ఉంటుందో ఊహించుకోగలం. మొదటిది బట్టీ పట్టాలి, రెండోది విప్పుకోవాలి. రెంటినీ ఒకే జాబితాలో పెట్టి బట్టీ పట్టించడం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: ఐరనీ అంటే వెటకారం.

షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'లో, సీజర్ హత్య తర్వాత అతని మిత్రుడు ఆంటొనీ జనంతో మాట్లాడే ఘట్టం చూడండి. హంతకుల్లో ఒకడైన బ్రూటస్ గురించి 'బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్' (గౌరవనీయుడు) అంటాడు. మొదటిసారి విన్నప్పుడు అది మర్యాదే అనిపిస్తుంది. తర్వాత పేదలు ఏడిస్తే సీజర్ కూడా ఏడ్చాడని గుర్తుచేసి, మళ్లీ అదే మాట అంటాడు. సీజర్ కిరీటాన్ని మూడుసార్లు వద్దన్నాడని చెప్పి, మళ్లీ అదే. పదాలు మారలేదు, తిట్టు ఒక్కటీ లేదు. చుట్టూ పేర్చిన సంగతులే ఆ పొగడ్తను తిరగేశాయి. పైకి చెప్పిన అర్థానికీ అసలు అర్థానికీ మధ్య ఉన్న ఈ తేడాయే ఐరనీ. ఎదుటివాడిని నొప్పించాలని వాడితే సార్కాజమ్ అవుతుంది, కానీ ప్రతి ఐరనీ అలా గుచ్చదు. ఫైర్ స్టేషన్‌కే నిప్పంటుకుంటే అది సిచుయేషనల్ ఐరనీ. అక్కడ మాట్లాడినవాడే లేడు.

అపోహ: హైపర్బొలీ (అతిశయోక్తి) అంటే అబద్ధం.

(దీన్ని 'హైపర్‌బోల్' అని పలికేవాళ్లు చాలామంది. చివర 'లీ' వినపడాలి.) అబద్ధం ఎదుటివాడు నమ్మాలని చెప్పేది. 'ఐ హావ్ టోల్డ్ యు ఎ థౌజండ్ టైమ్స్' అన్నమాటను ఎవరైనా నమ్మి లెక్కపెట్టడం మొదలుపెడితే హైపర్బొలీ చచ్చినట్టే. అయితే ఈ అనుమానం పాతదే. జార్జ్ పటెనమ్ రాసినదిగా చెప్పే 1589 నాటి కావ్యశాస్త్ర గ్రంథం కూడా సరదాగా దీన్ని బిగ్గరగా అబద్ధమాడేవాడని పిలిచింది.

పెంచి చెప్పడాన్ని అందరూ గుర్తుపడతారు. తగ్గించి చెప్పడంతోనే అసలు చిక్కు. 1951 ఏప్రిల్‌లో, కొరియా యుద్ధంలో ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ దళాలను చైనా సైన్యం చుట్టుముడుతోంది. పరిస్థితి ఎలా ఉందని అమెరికన్ పైఅధికారి అడిగితే బ్రిటిష్ బ్రిగేడియర్ 'థింగ్స్ ఆర్ ఎ బిట్ స్టికీ, సర్' అన్నాడని చెబుతారు. బ్రిటిష్ చెవికి అది పీకల్లోతు ప్రమాదం. అమెరికన్ చెవికి, కొంచెం ఇబ్బందే అయినా నెట్టుకొస్తున్నారని వినిపించింది. ఆ బ్రిటిష్ దళాల్లోని గ్లోస్టర్‌షైర్ రెజిమెంట్ బెటాలియన్‌లో ఎక్కువమంది బందీలయ్యారు. అందుకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, అండర్‌స్టేట్‌మెంట్ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇలాంటి తగ్గింపును 'నాట్' పెట్టి, వ్యతిరేక పదంతో చెబితే లైటోటీజ్ అంటారు. బ్రిటిష్ బాస్ మీ పనిని చూసి 'నాట్ బ్యాడ్' అంటే టెన్షన్ పడకండి, చాలాసార్లు అది మెచ్చుకోలే.

మిగిలినవి గబగబా. ఒక వాక్యానికి ఒకే పేరు ఉండాలనేం లేదు. గాలికి ఆకులు డాన్స్ చేశాయంటే అది పర్సానిఫికేషన్ (మనిషి కానిదాన్ని మనిషిలా చూపడం), మెటఫర్ కూడా. 'ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్'లో చేతులు అంటే నావికులు. భాగం మొత్తానికి నిలబడింది కాబట్టి సినెక్‌డకీ. 'ద క్రౌన్' అంటే రాజరికం, సంబంధం ఉన్న వస్తువు పేరుతో పిలిచారు కాబట్టి మెటానమీ. అలిటరేషన్‌కు, అంటే పదాల మొదట్లో ఒకే ధ్వని తిరిగి రావడానికి, అక్షరాలు చూడకండి, వినండి. 'సిటీ', 'క్యాట్' రెండూ ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో మొదలైనా అలిటరేషన్ కాదు, 'ఫోన్', 'ఫ్యాన్' స్పెల్లింగ్ వేరైనా అవుతుంది. అపాస్ట్రఫీ పేరుతో ఒక ఫిగర్ కూడా ఉంది: ఎదురుగా లేని మనిషినో, చంద్రుణ్నో, మృత్యువునో పిలిచి మాట్లాడటం. పదం పైన పెట్టే కామాలాంటి గుర్తుతో దానికి పని లేదు.