వాన ఎంత పడిందో కాదు, నీరు ఎటు పోయిందో చూడాలి

మౌంటెన్ బైక్ తొక్కేవాళ్ళలో చాలామంది బయల్దేరే ముందు నిన్న ఎంత వాన పడింది, ఇవాళ ఎండ కాస్తుందా అనే చూస్తారు. కానీ ఒకే రాత్రి ఒకే వానకి తడిసిన రెండు ట్రైళ్ళలో, అంటే ఈ సైకిళ్ళు తొక్కే మట్టి దారుల్లో, ఒకటి మధ్యాహ్నానికే బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంకోటి మూడు రోజులైనా బురదే. పడిన నీరు ఎటు పోయింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదాంట్లోనే ఉంది అసలు సంగతంతా.

ముందు మట్టి సంగతి. ఇసుక రేణువు 0.05 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది. ఇసుకలో ఖాళీలు పెద్దవి కాబట్టి నీరు చకచకా దిగిపోతుంది, మిగిలిన కాస్త చెమ్మ తలతన్యతతో రేణువుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. అందుకే ఎండల్లో టైర్ కూరుకుపోయే ఇసుక దారి వాన వెలిశాక గట్టిపడి హాయిగా నడుస్తుంది. బంకమట్టి దీనికి పూర్తిగా ఎదురు. కొన్ని రకాల్లో నీరు రేణువు పొరల మధ్యకే దూరి మట్టి ఉబ్బుతుంది, ఉన్న సందులూ మూసుకుపోతాయి, ఇక నీరు కిందికి దిగదు. టైర్ గుబ్బల మధ్య మట్టి నిండిపోయాక గ్రిప్ అన్నదే ఉండదు, కాసేపటికి ఫ్రేమ్ దగ్గర ఇరుక్కుని చక్రమే తిరగదు. మీ ట్రైల్‌ది ఏ మట్టో తేల్చుకోవాలంటే కొంచెం తడి మట్టిని ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కుతూ పట్టీలా సాగదీయండి. 5 సెంటీమీటర్లు దాటినా తెగకపోతే బంకమట్టే. సాగకుండా పొడిపొడిగా రాలిపోతే ఇసుక ఎక్కువ.

తర్వాత వాలు. కొండ మీంచి నేరుగా కిందికి దిగే దారిని నీరు కాలువ చేసేసుకుంటుంది. వాలుకి అడ్డంగా సాగుతూ, పల్లం వైపు కాస్త ఒరిగిన దారిలో అయితే నీరు దాటి వెళ్ళిపోతుంది. దారి ఏటవాలు కొండ ఏటవాలులో సగం మించకూడదని ట్రైల్ వేసేవాళ్ళు లెక్క పెట్టుకునేది అందుకే. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు వాలు ఎండకి త్వరగా ఆరుతుంది, ఉత్తరం వైపు, దట్టమైన చెట్ల కింద తడి రోజుల తరబడి నిలుస్తుంది. అక్కడ పైకి తేలిన వేళ్ళు మహా జారుడు.

చలి దేశాల్లో ఇంకో చిక్కు ఉంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి మట్టిని పైకి లేపి గుల్ల చేస్తుంది. పొద్దున రాయిలా ఉన్న నేల ఎండెక్కేసరికి పైపైన కరుగుతుంది, కింద ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఆ నీటికి దిగే దారి లేక పైనంతా జారుడు బురదే. అలాంటప్పుడు తెల్లవారగానే వెళ్ళి, కరగకముందే వచ్చేయడం మేలు.

నాకు మనసు చివుక్కుమనేది గాడి పడిన ట్రైల్‌ని చూసినప్పుడు. మెత్తటి నేల మీద టైర్ చేసిన గాడి ఆరాక అలాగే బిగుసుకుపోతుంది, తర్వాతి వాన నీరంతా అందులోకే చేరి దాన్ని ఇంకా లోతుగా కోసుకుపోతుంది. గుంటలో నీళ్ళుంటే పక్కనుంచి తిప్పకండి, దారి వెడల్పవుతుంది, పక్కన ఉన్న గడ్డీ చస్తుంది. మధ్యలోంచే నెమ్మదిగా పోండి. దారంతా టైర్ దిగబడుతూ వెనక గాడి పడుతోందంటే మాత్రం ఆ రోజుకి వెనక్కి తిరిగి, ఇసుక నేల ఉన్న ట్రైల్ ఏదైనా చూసుకోండి.