పేజీ వచ్చింది, బొమ్మ రాలేదు

అక్షరాలన్నీ వచ్చేసి, ఫొటో ఉండాల్సిన చోట చిరిగిన కాగితం గుర్తు ఒక్కటే కనిపిస్తే చాలామంది నెట్ స్లోగా ఉందనుకుని రిఫ్రెష్ కొడుతూ ఉంటారు. అసలు వెబ్ పేజీలో మామూలుగా బొమ్మ ఉండదు, దాని అడ్రస్ మాత్రమే ఉంటుంది. 1993లో మొజాయిక్ బ్రౌజర్ తయారుచేసినవాళ్లలో ఒకరైన మార్క్ ఆండ్రీసెన్, పేజీలో బొమ్మ చోటును చెప్పే ఐఎంజీ ట్యాగ్‌ను ప్రతిపాదించినప్పటి నుంచీ ఇదే పద్ధతి: బ్రౌజర్ పేజీని తెచ్చుకుని, అందులో ఉన్న అడ్రస్‌లను బట్టి ఒక్కో బొమ్మనూ విడిగా అడుగుతుంది.

కాబట్టి ముందు ఆ అడ్రస్ కాపీ చేసి కొత్త ట్యాబ్‌లో పెట్టి చూడండి. అక్కడ బొమ్మ వచ్చి పేజీలో రాకపోతే, ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ దాన్ని ఆపేసి ఉండొచ్చు, లేదా ఆ బొమ్మ వేరే సైట్‌ది అయి, వాళ్ల సర్వర్ బయటి పేజీలకు ఇవ్వనంటూ 403 అనే ఎర్రర్ కోడ్ పంపుతూ ఉండొచ్చు. బ్యాండ్‌విడ్త్ ఖర్చు వాళ్లది కదా, అది న్యాయమే.

404 అనే కోడ్ వస్తే ఆ పేరుతో ఫైల్ లేదని అర్థం. విండోస్ ఫైల్ పేర్లలో పెద్ద ఇంగ్లిష్ అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా చూడదు, లినక్స్ సర్వర్ చూస్తుంది. అందుకే ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన బొమ్మ అప్‌లోడ్ చేశాక మాయమవుతుంది.

తెలుగులో పేరు పెడితే ఇంకో చిక్కు ఉంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు పడతాయి, అడ్రస్‌లో అవి శాతం గుర్తులతో 9 అక్షరాలవుతాయి, అంటే అ, మ, పొల్లు, మ అని నాలుగు కోడ్‌లున్న ‘అమ్మ’ అనే చిన్న పేరే 36 అక్షరాలు! పైగా ‘చార్మినార్‌లో’ అని టైప్ చేసేటప్పుడు ర్, ల కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం చేరుతుంది. ఫైల్ పేరులో అది ఉండి లింకులో లేకపోతే, రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా సర్వర్‌కు వేర్వేరు పేర్లే. ఫైల్ పేరుకు చిన్న ఇంగ్లిష్ అక్షరాలు వాడి, తెలుగును ఆల్ట్ టెక్స్ట్‌లో, అంటే ఐఎంజీ ట్యాగ్‌లో బొమ్మకు బదులుగా ఇచ్చే మాటలో రాయండి. బొమ్మ రాకపోయినా అక్కడ ఆ మాట కనిపిస్తుంది, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేదీ దాన్నే. దయచేసి దాన్ని ఖాళీగా వదిలేయకండి.

ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే 200 ఉండి, అంటే ఫైల్ సరిగ్గానే వచ్చి, అయినా బొమ్మ కనిపించకపోతే ఫార్మాట్‌ను అనుమానించాలి. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక కొత్త ఐఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో దాస్తున్నాయి, దాన్ని చూపించడం క్రోమ్‌కు రాదు. పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన లోపలిది మారదు, కన్వర్ట్ చేయాల్సిందే. లేదంటే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే ఇకమీదట తీసే ఫొటోలు జేపెగ్‌లోనే వస్తాయి.