వేప నీడ మధ్యాహ్నానికి, కానుగ నీడ సాయంత్రానికి

మే నెలలో సాయంత్రం నాలుగింటికి మా పడమటి గోడ మీద చెయ్యి పెడితే రెండు క్షణాలు కూడా ఉంచలేం. హైదరాబాద్‌లో ఆ వేళకి సూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తులో, గోడకి దాదాపు ఎదురుగా ఉంటాడు. చదరపు మీటరుకి 500 వాట్లకు పైగా ఎండ పడుతుంది. పదడుగుల గది గోడంటే తొమ్మిది చదరపు మీటర్ల పైమాటే. దాదాపు ఐదు ఇస్త్రీ పెట్టెలు స్విచ్చేసి గోడకి ఆనించి వదిలేసినట్టన్నమాట. ఆ వేడికి తొమ్మిదంగుళాల ఇటుక గోడ దాటడానికి గంటలు పడుతుంది. తీరా మనం పక్క వేసుకునే వేళకి గదిలోకి దిగుతుంది.

ఆ గోడకి అడ్డంగా ఒక చెట్టు వేద్దామనుకుని నలుగురినీ అడిగాను. మన ఊళ్లలో ఇంటి ముందు పెద్ద నీడ చెట్టంటే ముందు గుర్తొచ్చేవి రెండు: వేప, కానుగ. నలుగురిలో ముగ్గురు వేపే అన్నారు. వేప రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందని పక్కింటాయన భరోసా ఇచ్చారు. ఇవ్వదు. వెలుగు లేనిదే ఏ చెట్టూ ఆక్సిజన్ తయారు చెయ్యదు, రాత్రి మనలాగే పీల్చుకుంటుంది. వేప ఉంటే దోమలు రావన్నది ఇంకో మాట. పురుగుల్ని అడ్డుకునే అజాడిరాక్టిన్ ఎక్కువగా ఉండేది వేప గింజలో. చెట్టు గుమ్మం ముందు నిలబడినంత మాత్రాన అది గాలిలో కలవదు.

వేపకి ఈ గొప్పలు అవసరం కూడా లేదు. దాని అసలు పనితనం చూడాలంటే మిట్టమధ్యాహ్నం కిందికెళ్లి నిలబడాలి. ఆకు ఈనెకి రెండు వైపులా రంపపు అంచుల చిన్న చిన్న రెబ్బలుంటాయి. వెడల్పు ఒక అంగుళం అటూ ఇటూ. ఏ ఆకునైనా పల్చటి గాలి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఆకు చిన్నదైతే ఆ పొర కూడా పల్చగా ఉండి, కాస్త గాలి వీచినా వేడిని వదిలేస్తుంది. అందుకే చిన్న రెబ్బల ఆకు ఎంత ఎండలోనూ చుట్టూ ఉన్న గాలి కంటే మరీ వేడెక్కదు. పైగా ముదురు వేప బోదె ఎత్తుగా పోతుంది, గుబురు పదిహేను ఇరవై అడుగుల పైన మొదలవుతుంది. కింద గాలి ఆడుతుంది. నులక మంచం వేపకింద వెయ్యమని మన పెద్దవాళ్లకి ఎవరూ లెక్కలు కట్టి చెప్పలేదు.

వేప నీడ చిక్కటిది కాదు. నేల మీద గుండ్రటి వెలుగు మచ్చలు చిల్లర నాణేల్లా కదులుతుంటాయి. ఆకుల మధ్య సందులు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ మాత్రం గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సందు బొమ్మ కాదు, సూర్యుడి బొమ్మ. ప్రతి సందూ ఒక సూది బెజ్జం కెమెరా. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం నాడు చెట్ల కింద చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ నాణేలన్నీ నెలవంకలైపోయాయి.

మరి నా గోడ సంగతి? ఇక్కడే వేప తేలిపోయింది. మే 9న హైదరాబాద్‌లో పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పెట్టిన కర్రకి నీడే ఉండదు. ఆ వేళ చెట్టు నీడ చెట్టు కిందే పడుతుంది, గోడకి అందదు. గోడకి ఎండ కొట్టేది మూడు దాటాక, ఏటవాలుగా. గోడకి ఇరవై అడుగుల దూరంలో చెట్టుందనుకోండి. నాలుగింటికి కిటికీ ఎత్తులో గోడని తాకే కిరణం చెట్టు దగ్గర పంతొమ్మిది అడుగుల ఎత్తులో వస్తుంది. ఐదింటికైతే పన్నెండు, పదమూడు అడుగుల ఎత్తులోనే దూరి వస్తుంది. ముదిరిన వేప గుబురు కింద నుంచి ఆ ఐదింటి ఎండ హాయిగా జారుకుని గోడ మీద కూచుంటుంది.

కానుగ అలా వదలదు. బోదె పొట్టి, కొమ్మలు కిందనుంచే పక్కలకి చాస్తుంది, గుబురు ఎత్తెంతో వెడల్పూ ఇంచుమించు అంతే. రెబ్బలు వేప కంటే వెడల్పు, నూనె రాసినట్టు మెరుస్తాయి. దాని నీడలో నాణేలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మంచం వేసుకోవడానికి వేప బాగుంటుందేమో గానీ, గోడకి మాత్రం కానుగే.

చెట్లు ఏసీల్లా చల్లబరుస్తాయని చాలామంది అంటారు. లెక్కకి అది నిజమే. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 24 లక్షల జౌళ్ల వేడి కావాలి. నీళ్లు బాగా అందిన పెద్ద చెట్టు రోజుకి 100 లీటర్లు వదిలిందనుకుంటే 67 యూనిట్ల వేడి లాగినట్టే. ఒకటిన్నర టన్నుల ఏసీ పన్నెండు గంటలకు పైగా పనిచేసినంత. కానీ ఆ చల్లదనం ఆరుబయట గాలిలో కలిసి ఎటో పోతుంది. పైగా నీళ్లు దొరక్కపోతే మిట్టమధ్యాహ్నం చెట్టు ఆకుల్లోని సూక్ష్మరంధ్రాల్ని మూసేసుకుంటుంది. గదికి దక్కేది ప్రధానంగా నీడే. అందుకే నా దృష్టిలో నీడ ఏ వేళకి ఎక్కడ పడుతుందన్నదే పెద్ద ప్రశ్న, చెట్టు పేరు ఆ తర్వాత.

ఈ రెండింటిలోనూ నన్ను ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఫిబ్రవరి, మార్చిల్లో రెండూ ఆకు రాలుస్తాయి. ఆ తర్వాత వానలకి ఇంకా రెండు మూడు నెలల టైముండగా, భూమి నెర్రెలిచ్చే రోజుల్లో చిగురిస్తాయి. వేప రాగిరంగు చిగుళ్లు తొడిగి ఉగాది పచ్చడికి పూత అందిస్తుంది, కానుగ ఏప్రిల్‌కల్లా లేత పచ్చగా మారిపోతుంది. నీళ్లెక్కడివి? పాత ఆకులు నీటిని సరిగా అదుపు చెయ్యలేవు. అవి రాలిపోతే ఖర్చు ఆగి, లోతు వేళ్ల నుంచి వచ్చిన నీటితో కొమ్మలు మళ్లీ నిండుతాయి. రోజులు పొడుగవడం కూడా చిగుళ్లకి ఒక సైగ. వానలతో పాటు పురుగులు విజృంభించే లోపే లేత ఆకు కాస్త ముదురుతుంది. ఎలాగైతేనేం, మనకి నీడ కావలసిన మే నెలకి రెండూ నిండుగా ఉంటాయి.

పురుగుల మాటొస్తే, కానుగ ఆకుని తిప్పి చూడండి. చిన్న చిన్న బుడిపెలు, ఒక్కోసారి వేళ్లలా పొడుచుకొచ్చినవి కనిపిస్తాయి. కంటికి కనపడనంత చిన్న నల్లులు (మంచంలో ఉండేవి కావు, ఆకుల మీద బతికే మైట్లు) కట్టించుకున్న ఇళ్లవి. ఆకు కణజాలాన్నే అలా ఉబ్బేలా చేసి లోపల కాపురం పెడతాయి. తెల్లటి చారలుంటే ఆకు పొరల మధ్య సొరంగం తవ్విన పురుగు పని. చూడ్డానికి జబ్బులా ఉంటుంది కానీ పెద్ద చెట్టుకి లెక్కలోది కాదు, మందుల జోలికి పోవద్దు. వేపకి వచ్చిన కష్టం అలాంటిది కాదు. 2021 చివర్లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోవడం చూసి అందరం టెన్షన్ పడ్డాం. టీ దోమ అనే పురుగు లేత కొమ్మల్ని పీల్చడం, ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం సోకడం, రెండూ కలిసి చేసిన పని. మరుసటి వేసవికి చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. వేప మొండిది.

నేలని బట్టి కూడా చూసుకోవాలి. ఎర్రనేల, గులకనేల, నీరు ఇంకిపోయే చోటైతే వేప రాజాలా పెరుగుతుంది. నీరు నిలిస్తే చచ్చిపోతుంది. కానుగ పుట్టుకే వాగుల ఒడ్డున. కొన్ని వారాలు నీళ్లలో నిలబడుతుంది, ఉప్పు నేలనీ తట్టుకుంటుంది. డెల్టాలోనో సముద్రం దగ్గరో ఇల్లుంటే ఇంక ఆలోచించక్కర్లేదు. అది చిక్కుడు కుటుంబం కూడా. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలి నుంచి నత్రజనిని పట్టి ఇస్తాయి. పొలాల్లో కానుగ రొట్ట తొక్కేది ఊరికే కాదు. వేసవిలో దాని పూలు పేలాలు పోసినట్టు రాలతాయి, ఊడ్చి కుండీల్లో వేసుకోవచ్చు. వేపపళ్లు మాత్రం జిగురు జిగురుగా కారు మీద అంటుకుంటాయి, ఆషాఢంలో ఈగలు తప్పవు.

వేళ్లు పునాదిని పగలగొడతాయన్న భయం సగమే నిజం. గట్టి కాంక్రీటుని అవి బద్దలు కొట్టవు. సంపుకో సెప్టిక్ ట్యాంకుకో పగులుంటే తేమ వెతుక్కుంటూ దూరతాయి. నల్లరేగడిలో ఇంకో చిక్కు: చెట్టు నీళ్లు లాగేసినప్పుడు నేల ముడుచుకుని గోడలు బీటలిస్తాయి. అక్కడ ఇరవై అడుగులు కూడా చాలదు. రెండొందల గజాల ప్లాటులో ఇరవై అడుగుల ఖాళీ ఎక్కడిదంటారా? మాదీ అదే బాధ. చెట్టు గేటు బయట, రోడ్డు వారకే పోయింది. పెద్ద చెట్లు పడమరకీ దక్షిణానికీ ఉండాలంటుంది వాస్తు. ఈ ఒక్క విషయంలో వాస్తు సిద్ధాంతికీ నాకూ గొడవ రాలేదు.

మొక్క కొనేటప్పుడు కళ్లు తెరుచుకుని కొనండి. కానుగ వెయ్యకముందు ఒకసారి రోడ్డు పక్క నర్సరీలో వేప అని ఇచ్చిన మొక్క ఏడాదికి మలబారు వేప అని తేలింది, ప్లైవుడ్ కోసం పెంచే రకం. ఈనె మళ్లీ చీలి, ఆ చీలికలకి రెబ్బలుంటే అది మన వేప కాదు. కవర్లో చాలాకాలం ఉన్న మొక్కకి వేరు అడుగున చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్టని కత్తిరించి నాటాలి.

మా కానుగకి ఇప్పుడు నాలుగేళ్లు. మొదట్లో బద్ధకంగా పెరిగింది, ఇప్పుడు నాలుగున్నరకి దాని నీడ గోడలో సగం దాకా వస్తోంది. వేప గింజ రెండు మూడు వారాల్లో మొలిచే శక్తి కోల్పోతుంది కాబట్టి విత్తాలంటే తాజాగానే విత్తాలి. ఆ పని పక్షులకి బాగా తెలుసు. కిందటి వానల్లో ఏ గోరింక రెట్ట వేసిందో, పెరటి మూలన వేప మొలిచి మోకాలెత్తు అయింది. సంపుకి మూడడుగుల దూరంలో. ఈ వానలకి దాన్ని వేరే చోటికి మార్చాలి. తల్లివేరు ఇప్పటికే ఎంత లోతుకి దిగిందో తవ్వితే గానీ తెలియదు.