అంగన్‌వాడీ భోజనం టైం ఎవరు పెట్టారు?

గర్భిణులు, బాలింతలు సెంటర్‌కే వచ్చి తినాలా, సరుకులు ఇంటికి ఇచ్చేయాలా అన్న గొడవ పాలమూరులో మళ్లీ లేచింది. 1975లో అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ పుట్టిన కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

ఈ తగాదా మూలం మాత్రం 2007 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ కింద వచ్చిన పోషకాహార డే కేర్ కేంద్రాల్లో ఉంది. వాటిని నడిపింది ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య. సంఘం ఆడవాళ్లే వండేవాళ్లు, తినే తల్లి ఖర్చులో కొంత తనే పెట్టుకునేది, చేతిలో లేకుంటే సమాఖ్యలో అప్పు తీసుకుని మెల్లగా కట్టుకునేది. మరీ లేనివాళ్లకు ఆ కాస్తా బరువే, కాదనలేం. కానీ తన పైసలు పడుతున్నాయి కాబట్టి కూర బాగాలేకపోయినా, టైం కుదరకపోయినా నిలదీసి అడిగేది, అడిగితే వినాల్సిందే, ఎందుకంటే వినేవాళ్లూ అదే వాడకట్టు వాళ్లు.

తర్వాత గర్భిణులకు, బాలింతలకు సెంటర్‌లోనే ఒక పూట భోజనం పెట్టే పథకాలు వచ్చాయి: 2013లో అమృతహస్తం, తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి. అన్నం, పప్పు, కూర, రోజుకో గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, అంతా ఉచితం. మంచి పథకమే. అయితే డబ్బుతో పాటు నిర్ణయమూ సంఘం చేతిలోంచి జారి మహిళా శిశు సంక్షేమ శాఖకు చేరింది. తల్లులకు కమిటీలో చోటు ఉంది, 2011 నాటి కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది, కాకపోతే అది పర్యవేక్షణ కమిటీ: గుడ్డు వచ్చిందా లేదా చూడొచ్చు, భోజనం వేళ మాత్రం మార్చలేరు.

పత్తి ఏరే రోజుల్లో చేనుకు పోయిన మనిషి మధ్యాహ్నం ఊళ్లోకి ఎట్లా వస్తుంది? మేస్త్రీ వెంట హైదరాబాద్‌కో పుణేకో పోయి, పిల్లల్ని తండాలో అవ్వ దగ్గర వదిలిన తల్లి సంగతి? మెనూ రాసేటప్పుడు వీళ్లలో ఒక్కరినైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఇదంతా మొదట్లోనే తేలేది.

సరుకులు ఇంటికిస్తే అందరూ తినేస్తారు, గర్భిణికి మిగలదు అని శాఖ వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ 2020 లాక్‌డౌన్‌లో ఇంటికే ఇచ్చారు కదా. అంతెందుకు, ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పిండి, 16 గుడ్లు ఇంటికే ఇస్తున్నారు. అక్కడ రాని అనుమానం తల్లి అన్నం దగ్గరే ఎందుకొచ్చిందో శాఖే చెప్పాలి.